దవాఖాన రైలు కూత, ఉస్తాద్ బొటనవేలు

జహీరాబాదులో నా గురించి ఒక కథ చెప్పుకుంటారు. దవాఖానలో పిల్లల కోసం పెట్టిన అమెరికా ఆటరైలుకు కూత పోయిందట. పెద్ద పెద్ద మెకానిక్కులు చూసి చేతులెత్తేశారట. రేడియో దుకాణంలో పనిచేసే బీఎస్సీ ఆమె వచ్చి, టార్చి సెల్లు ఒకటి తీసి తీగకు ఆనించిందట. రైలు కూసిందట. ఆ కూత వినగానే చెయ్యి కాలిన పిల్ల ముడుచుకున్న వేళ్లన్నీ విప్పేసిందట. మొన్న బస్టాండులో కోహీర్ బస్సు కోసం నిలబడి ఉంటే ఒకాయన నా పక్కనే ఈ కథ ఇంకొకాయనకు చెబుతున్నాడు. ఆమె నేనేనని చెప్పాను. నన్ను కిందినుంచి పైదాకా చూసి, "కాదమ్మా, ఆమె జర పొడుగుంటది" అన్నాడు.

కథ బాగానే ఉంది. నిజమే తక్కువైంది. పెద్ద పెద్ద మెకానిక్కులు మా ఊళ్లో ఎక్కడున్నారు? ఉన్నది ఒక్క యాకూబ్ ఉస్తాద్. టార్చి సెల్లుతో ఏదీ బాగుపడలేదు. వేళ్లన్నీ విచ్చుకోలేదు. ఆ చివరి మాట కోసమే ఇది రాస్తున్నాను.

నేను రిపేరు బెంచి వదిలి ఎక్కువ కాలం కాలేదు. చెయ్యి ఇంకా గట్టిగానే ఉంది, కళ్లే మొరాయించాయి. సన్నని తీగల్లో ఏది ఎరుపో ఏది గోధుమో తేలనప్పుడు ఆ పనిలో ఉండకూడదు. ఉంటే ఒకనాడు ఎవరినో చంపుతాం. అందుకని యాభై నిండకముందే మానేశాను. మానేసిన దగ్గర్నుంచీ కుదురు లేదు. బాగా పనిచేస్తున్న స్విచ్చిబోర్డు విప్పి, చూసి, మళ్లీ బిగిస్తున్నానని మా ఆయన గొణుగుతున్నాడు. ఆయన తహసీలు కచేరీలో గుమాస్తా. ఫైలు కదలకపోతే ఆయనకు హాయి. నాకు ఏదైనా ఆగిపోతే అన్నం సయించదు.

ఈ మధ్య ఐ.టి.ఐ. చదివిన పిల్లలు వచ్చి, "మేడం, పనిల చేరుతున్నం, ఏమన్న చెప్పున్రి" అని అడుగుతున్నారు. సర్క్యూట్లు మీ పుస్తకాల్లో ఉన్నాయి. అక్కడ లేనిది చెబుతాను.

సామాను వస్తుంది, మనిషి రాడు

యాకూబ్ ఉస్తాద్ దుకాణం బజారు సందులో ఉండేది. ముందు గదిలో రేడియోలు, వెనక గదిలో బ్యాటరీల చార్జింగు. ఊళ్లోకి కరెంటు వచ్చినా చుట్టూ పల్లెలకు ఇంకా రాని రోజులు. రేడియో ఉన్న ఆసాములు బ్యాటరీలను సైకిలుకు కట్టుకుని తెచ్చి, నింపించుకుని పోయేవాళ్లు. ఉస్తాద్ ఉర్దూలో మెట్రిక్ దాకా చదివాడు. చెయ్యి మంచిది, చెవి ఇంకా మంచిది. మొండితనం ఆ రెండింటినీ మించింది. ఆ విషయంలో ఇద్దరం సమానం కాబట్టే పదేళ్లకు పైగా కలిసి పనిచేయగలిగాం.

పని అడగడానికి వెళ్లిన రోజు మా మాటలు ఇవి.

"ఏమొస్తది బేటీ నీకు?"

"ఫిజిక్సు చదివిన, ఉస్తాద్. బీఎస్సీ."

"మంచిదే. టంకం కడ్డీ పట్టినవా?"

"కాలేజీల పట్టిన."

"ఎన్నడన్న చెయ్యి కాల్చుకున్నవా?"

"లేదు."

"అయితే పట్టలేదు."

అయినా పెట్టుకున్నాడు. నా మీద నమ్మకంతో కాదు. రేడియోలతో వచ్చే ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టే మనిషి కావాలి ఆయనకు. చాలా కాలం నేను చేసింది అదే. ఆయన వేళ్లు పెట్టె లోపల ఉండేవి, నేను పక్కన నిలబడి చదివేదాన్ని. అలా చదువుతూ చదువుతూ, మధ్యలో వాదిస్తూ వాదిస్తూ బెంచి చివర జాగా సంపాదించాను.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. నాకు మొదటి రోజు నుంచీ గిట్టలేదు. సామాను దుకాణానికి వస్తుంది, దాన్ని వాడే మనిషి రాడు. మా ఊళ్లో రేడియో వినేది ఎక్కువగా ఇళ్లల్లో ఆడవాళ్లు. వాళ్లు బజారుకు రారు. రేడియో నౌకరు నెత్తి మీద వచ్చేది, దాని జబ్బు నౌకరు నోటి వెంట వచ్చేది. బేగం సాహిబా ఆయాతో చెబుతుంది, ఆయా నౌకరుతో, నౌకరు మాతో.

"ఆవాజ్ ఖరాబైందట."

"ఖరాబంటె ఎట్ల? గురగురనా, సన్నగైందా, మధ్యమధ్యల పోతున్నదా?"

"ఖరాబంటె ఖరాబే గదమ్మా. నేను ఇన్ననా ఏమన్ననా?"

ఉస్తాద్‌కు దీంట్లో లోపమేమీ కనిపించేది కాదు. పెట్టె విప్పితే జబ్బు అదే చెబుతుందని ఆయన నమ్మకం. బాగుచేసి, నౌకరు ముందర తన బొటనవేలితో మీట నొక్కి, గుండీ తిప్పి, "ఓకే" అనేవాడు. ఆ బొటనవేలు సుత్తి లాంటిది. ఆయన ఓకే అన్నాక అది ఓకే. మళ్లీ తిరిగొస్తే వాడేవాళ్లకు చేతకాలేదని అర్థం.

రైలు దవాఖానకు ఎందుకు

ఊరి అంచున దవాఖాన ఉండేది. అక్కడి సలోమి డాక్టరమ్మ నాకన్నా కొంచెం పెద్దది, నాకన్నా కొంచెం కోపిష్టిది. అంతకుముందు అక్కడ పనిచేసిన అమెరికా డాక్టరు కుటుంబం స్వదేశం పోతూ తమ పిల్లల ఆటరైలు ఆమెకు ఇచ్చి వెళ్లింది. గుండ్రంగా అమర్చే పట్టాలు, నల్ల ఇంజను, వెనక బొగ్గుపెట్టె, నాలుగు డబ్బాలు, నడిపించడానికి బరువైన నల్ల ట్రాన్స్‌ఫార్మర్. ఆ పెట్టెకు రెండు మీటలు. ఒకటి వేగానికి, ఒకటి కూతకు.

డాక్టరమ్మ దాన్ని అలంకారానికి పెట్టుకోలేదు. పిల్లల వార్డు వరండాలో పరిచి, సూది వేసేటప్పుడు, కట్లు విప్పేటప్పుడు నడిపించేది. తరువాత సత్తెమ్మ వచ్చింది.

సత్తెమ్మ మొగుడంపల్లి దగ్గరి పిల్ల, ఎనిమిదేళ్లుంటాయి. బెల్లం వండే చోట ఉడుకుతున్న పాకం కుడి అరచేతి మీద పడింది. పుండు మానింది. మానేటప్పుడే అసలు కష్టం మొదలైంది. కాలిన చర్మం బిగుసుకుంటూ వేళ్లను లోపలికి లాగుతోంది. రోజూ వేళ్లు చాపి, అరచెయ్యి విప్పి, కాసేపు అట్లా పట్టి ఉంచాలి. లేకపోతే చెయ్యి పిడికిలిలాగే ఉండిపోతుంది. ఎనిమిదేళ్ల పిల్లను నొప్పి పడుతూ చెయ్యి చాపమంటే చాపుతుందా? ఎవరన్నా పట్టుకుని చాపితే దవాఖాన ఎగిరిపోయేటట్టు అరిచేది.

డాక్టరమ్మ వడ్లాయన చేత వెడల్పాటి చెక్క పలక ఒకటి చేయించి కూత మీటకు కట్టించింది. అరచెయ్యి విప్పి పరిచి ఆనిస్తే తప్ప ఆ పలక సరిగా దిగదు. నొక్కి ఉంచినంతసేపు రైలు కూస్తుంది. పిల్లకు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు, తనే రోజంతా కూయిస్తుంది. ఇంత తెలివైన వైద్యం నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పుడు ఆమెతో ఈ మాట అనలేదు. మా ఇద్దరికీ పొగుడుకునే అలవాటు లేదు.

ఆ కూత పోయింది.

టార్చి సెల్లు చెప్పింది ఎంత

ఆయా మరియమ్మ చెక్క పలక దవాఖానలోనే విప్పేసి, గంపలో ట్రాన్స్‌ఫార్మరు, ఇంజను, బొగ్గుపెట్టె, కొన్ని పట్టాలు పెట్టుకుని దుకాణానికి వచ్చింది. సత్తెమ్మ గురించి ఆమె ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. పైన రాసిందంతా నాకు తరువాత తెలిసింది.

"కూత వస్తలేదు ఉస్తాద్. మీట నొక్కితే కూత రాదు గని బండి ఇంకా జోరుగ ఉర్కుతున్నది" అంది మరియమ్మ.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. సగం జబ్బు ఆ మాటలోనే ఉంది.

ఈ ఆటరైలు ఏసీ కరెంటుతో నడుస్తుంది, కూత మాత్రం డీసీతో పలుకుతుంది. రెండూ ఒకే పట్టాల మీద పోవాలి. కూత మీట నొక్కితే కరెంటు పెట్టె లోపలి ఒక బిళ్ల గుండా పోతుంది. ఆ బిళ్ల ఒకవైపే తెరుచుకునే తలుపు లాంటిది, కరెంటులో కొంత డీసీ కలుపుతుంది. బొగ్గుపెట్టెలోని రిలే అనే స్విచ్చికి ఆ డీసీ అందగానే చిన్న గాలి మోటారు తిరుగుతుంది, అదే కూత. ఆ సమయంలో రైలు మందగించకుండా పెట్టె కొంచెం వోల్టేజీ కూడా పెంచి ఇస్తుంది. పెంచిన వోల్టేజీ అందుతోంది, అందుకే బండి ఉరుకుతోంది. డీసీ అందడం లేదు, అందుకే కూత లేదు. అంటే బిళ్ల మాడింది.

నేను ఇదంతా చెబితే ఉస్తాద్ నవ్వాడు. అప్పటికే బొగ్గుపెట్టె విప్పి మోటారుకు నూనె వేస్తున్నాడు.

"కూత ఈడ కూస్తది బేటీ. నొప్పి ఈడ ఉంటె మందు ఆడ పెడ్తవా?"

"మోటరు మంచిగనే ఉన్నది ఉస్తాద్. దానికి పిలుపు అందుతలేదు."

"ఏసీల డీసీ కలుపుతరా ఎవరన్న? గది ఖరాబీ. బ్యాటరీ సెట్టుల గట్ల కలిస్తె తీసేస్తం గద మనం!"

ఆయన తప్పు అర్థమయ్యే తప్పే. జీవితమంతా బ్యాటరీ రేడియోలతో గడిపిన మనిషికి, ఏసీ డీసీ కలవడమంటే బురుబురు శబ్దం, గిరాకీ తిట్లు. కావాలని కలిపే యంత్రం ఉంటుందని ఆయన ఊహకే రాలేదు.

వాదించి లాభం లేదని టార్చిలోంచి ఒక సెల్లు తీశాను. పట్టాలకు పోయే తీగను మధ్యలో విప్పి, ఆ రెండు కొసల మధ్య సెల్లు పెట్టాను. నడుస్తున్న ఏసీకి సెల్లు తన డీసీ కలిపింది. రైలు గట్టిగా కూసింది. పక్క దుకాణాల వాళ్లు వచ్చి తలుపులో నిలబడ్డారు. ఆ గుంపులోనే నా కథ పుట్టి ఉంటుంది.

సెల్లు చెప్పింది ఒక్క ముక్కే. బొగ్గుపెట్టె బాగుంది, జబ్బు ట్రాన్స్‌ఫార్మర్లో ఉంది. జబ్బు ఎక్కడ లేదో చూపించడం ఒక పని, బాగుచెయ్యడం ఇంకో పని. చూసేవాళ్లకు మొదటిదే గారడీలా కనిపిస్తుంది, దానికే చప్పట్లు కొడతారు. చప్పట్లు విని అక్కడే ఆగిపోయిన మెకానిక్కులను చాలామందిని చూశాను.

ఉస్తాద్ మూతి ముడిచి ట్రాన్స్‌ఫార్మర్ విప్పాడు. బిళ్ల నల్లగా మాడి ఉంది. అమెరికా పెట్టె కాబట్టి దానికి మన కరెంటును సగానికి తగ్గించి ఇస్తారు. తగ్గించినా, సెకనుకు అరవై సార్లకు బదులు యాభై సార్లే ఊగే మన కరెంటుతో అది ఎక్కువ వేడెక్కుతుంది. ఆ వేడికే పోయి ఉంటుంది. అలాంటి బిళ్ల హైదరాబాదులో కూడా దొరకదు. ఉస్తాద్ వెనక గదిలోకి పోయి, పాత బ్యాటరీ చార్జరు నుంచి సెలీనియం పలక ఒకటి విప్పుకొచ్చాడు. మాడిన బిళ్ల చేసే పనే అదీ చేస్తుంది. దాన్ని గాలి తగిలేటట్టు పెట్టె బయట రేకు గూడులో బిగించి, తీగలు లోపలికి తెచ్చి టంకం వేశాడు. ఆ సెలీనియం పలక ఆలోచన ఆయనదే, నాది కాదు. కథ చెప్పేవాళ్లు ఈ ముక్క ఎందుకు వదిలేస్తారో నాకు తెలియదు.

బొటనవేలితో మీట నొక్కాడు. రైలు కూసింది.

"ఓకే" అన్నాడు.

మళ్లీ ఓకే

వారం తిరక్కుండానే మరియమ్మ గంపతో మళ్లీ వచ్చింది.

"బండి ఆగిపోతున్నదట."

"ఎప్పుడు ఆగుతది?" అన్నాను.

"ఏమో అమ్మా. నేను నొక్కితే మంచిగనే కూస్తది. డాక్టరమ్మ తీస్కపొమ్మన్నది, తెచ్చిన."

ఉస్తాద్ పట్టాలు పరిచాడు. నొక్కాడు, కూసింది. పదిసార్లు నొక్కాడు, పదిసార్లూ కూసింది. నేను నొక్కినా కూసింది.

"ఓకే. తీస్కపో."

"ఆగు మరియమ్మా. ఉస్తాద్, నేను దవాఖానకు పోయి చూసొస్త. ఆడ ఎట్ల పెట్టిన్రో, ఎవరు నొక్కుతున్రో."

"బేటీ, సామాను మన తానికి వస్తది. మనం సామాను ఎనక పోము. దుకాణానికి ఇజ్జత్ ఉంటది."

"జబ్బు ఆడ కనబడ్తే ఈడ గూసుండి ఏం చేస్తం?"

"ఈడ కూసిందా లేదా?"

"కూసింది."

"మరింకేంది?"

గంప వెళ్లిపోయింది. ఇంకోసారి వచ్చింది, ఇంకోసారి ఓకే అయి వెళ్లింది. రెండోసారి ఉస్తాద్ నా వైపు చూడకుండా అన్నాడు ఓకే. ఆ రాత్రీ మర్నాడూ మా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు నేను. బాగున్న పెట్టె రెండుసార్లు ఎందుకు తిరిగొస్తుంది? అబద్ధం చెప్పడానికి మరియమ్మకు ఏం పని? గంప మోసుకుంటూ అంత దూరం నడవడం ఆమెకు సరదానా? అన్నం వడ్డిస్తూ ఇదే గొణుక్కుంటుంటే, "రైలు పట్టాల మీద ఆగితే ఆగనీ, కూర పళ్లెంలో ఆపు" అన్నాడు మా ఆయన.

తరువాత డాక్టరమ్మే వచ్చింది. రిక్షా దిగీ దిగకముందే మొదలుపెట్టింది.

"ఏమయ్యా యాకూబ్ సాబ్, మీ దుకాణంలో కూస్తది, నా వార్డులో కూయదు. రైలుకు మీరంటే భయమా, నేనంటే అలుసా?"

"డాక్టరమ్మా, మీ ముందరనే నొక్కి చూపెడ్త..."

"మీరు నొక్కుడు ఎందుకు? రోజూ నొక్కవలసింది మీరా? అక్కడ పిల్ల చెయ్యి మూసుకపోతున్నది!"

"పిల్ల ఎవరు?" అన్నాను.

అప్పుడు తెలిసింది మాకు. మూడు నోళ్లు దాటి మా దాకా వచ్చిన మాటలో ఆ పిల్ల ఎక్కడో జారిపోయింది.

ఉస్తాద్ దవాఖానకు పోదామన్నా పోలేడు. పిల్లల వార్డుకూ ఆడవాళ్ల వార్డుకూ ఒకే వరండా, కట్లు విప్పే వేళ మగవాళ్లను రానివ్వరు. నేను పట్టుకారు, స్క్రూడ్రైవరు సంచిలో వేసుకున్నాను.

"నేను పోత" అన్నాను. అడగలేదు, చెప్పాను.

"పో" అన్నాడు. "పోయి ఓకే అని చెప్పి రా."

చెక్క పలక మీద చెయ్యి

వరండాలో పట్టాలు పరిచి ఉన్నాయి. మరియమ్మ పలక నొక్కింది, రైలు కూసింది. నేను నొక్కాను, కూసింది. డాక్టరమ్మ నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను.

"సత్తెమ్మ ఏది?"

మంచం కింద ఉంది. కుడి చెయ్యి లంగా మడతల్లో దాచుకుంది. వాళ్లమ్మ బయటికి లాగబోతే మంచం కోడు పట్టుకుంది.

"రా సత్తీ, జర నొక్కు."

"నేను నొక్క."

"ఎందుకు?"

"నా చెయ్యి పెడితె బండి సచ్చిపోతది."

వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. "గిదే అంటున్నదమ్మా. అందరు నొక్కితె కూస్తది, నేను నొక్కితె సస్తది, నా చెయ్యి పాపిష్టిదైంది అంటది. చెయ్యి బయటికే తీస్తలేదు."

డాక్టరమ్మ అక్కడే ఆగిపోయింది. "మొండికేసిందనుకున్న" అంది మెల్లగా. ఆమె మెల్లగా మాట్లాడటం నేను అదే మొదలు వినడం.

అటువంటప్పుడు పిల్లను ఎత్తుకుని, నీ చెయ్యి బంగారం అనే మనుషులు ఉంటారు. నాకు అది చేతకాదు. పైగా నాకు కావలసిన మాట ఆ పిల్లే చెప్పింది. అన్ని రోజుల్లో జబ్బు ఏమిటో సరిగా చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

మంచం ముందు చతికిలబడ్డాను. "నువ్వు చంపుతవా బండిని? అబద్ధం."

"అబద్ధం గాదు."

"నేను నమ్మ. ఏదీ, నా ముందర చంపు చూద్దాం."

కోపమొచ్చింది పిల్లకు. బయటికి వచ్చింది. లంగాలోంచి చెయ్యి తీసింది. వేళ్లు అప్పటికే కొంకర్లు పోయి ఉన్నాయి. పలక మీద ఆనించి, నొప్పికి పళ్లు బిగబట్టి, మెల్లమెల్లగా, ఎంతో మెల్లగా కిందికి నొక్కింది. పలక సగం దిగేసరికే రైలు టక్కున ఆగిపోయింది. కూత లేదు.

"చూసినవా?" అంది, ఏడుపు గొంతుతో.

"ఆగింది!" అని అరిచాను నేను. "మంచిగ ఆగింది! మళ్లొకసారి ఆపు!"

పిల్ల నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. నేను బండిని మళ్లీ నడిపించగానే నొక్కింది. ఈసారి నా కళ్లు రైలు మీద లేవు, పెట్టె పక్కనున్న గాలి రంధ్రాల మీద ఉన్నాయి. మీట సగం దిగినప్పుడు లోపల నీలంగా చిటుక్కుమంది.

మీట నొక్కినప్పుడు లోపల ఒక రాగి రేకు పాత దారిని వదిలి కొత్త దారిని పట్టుకోవాలి. పాతది వదలకముందే కొత్తది అందుకోవాలి. ఈ పెట్టెలో ఆ రేకు, మేము బిళ్ల మార్చేటప్పుడో ఏమో, వంగిపోయి, పాతది వదిలాకే కొత్తది అందుకుంటోంది. మధ్యలో కరెంటు తెగుతోంది. ఆ ఇంజనులో ఒక ఏర్పాటు ఉంది. కరెంటు ఒకసారి పోయి వస్తే ఆగుతుంది, ఇంకోసారి పోయి వస్తే వెనక్కి నడుస్తుంది. రైలును తిప్పడానికి కావాలని పెట్టినదే అది. ఉస్తాద్ బొటనవేలు ఆ సందును దాటేసేంత వేగంగా దిగుతుంది, ఇంజనుకు తెలిసేలోపే కరెంటు వచ్చేస్తుంది. మరియమ్మ చెయ్యీ, నా చెయ్యీ అంతే. కాలిన చెయ్యి అంత వేగంగా దిగలేదు. ఆ సందులో ఆగి ఆగి దిగుతుంది. ప్రపంచంలో ఆ జబ్బును పట్టుకోగల చెయ్యి అదొక్కటే.

ప్లగ్గు పీకి, పెట్టె విప్పి, పట్టుకారుతో ఆ రేకును గోరంత పైకి వంచాను. అంతే పని. నా చేత్తోనే మీటను వీలైనంత మెల్లగా దించి చూశాను. ఎక్కడ ఆపినా రైలు ఆగలేదు.

"రా. ఇప్పుడు చంపు."

సత్తెమ్మ నొక్కింది. బండి కొంచెం తడబడి, పోతూనే, కూసింది. పిల్ల ఉలిక్కిపడి చెయ్యి తీసేసింది. మళ్లీ పెట్టింది. ఈసారి తియ్యలేదు. వార్డులో ఉన్న పసిపిల్లలందరూ లేచి ఏడుపు మొదలుపెట్టేదాకా తియ్యలేదు.

"సచ్చిందా?" అని అడిగాను.

"లే" అంది, నా వైపు చూడకుండా.

డాక్టరమ్మ పలక పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె రైలును చూడటం లేదు, వేళ్లను చూస్తోంది. "ఈ మూడూ ఆనుతున్నయి" అంది. "చిటికెన వేలు ఆనుతలేదు."

తరువాత

దుకాణానికి తిరిగొచ్చి, ఏం జరిగిందో మొత్తం చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాను, బజారంతా వినేటట్టు.  తప్పైందని ఉస్తాద్ ఆ రోజు అనలేదు, ఆయన పోయేదాకా అనలేదు. కానీ ఆ మర్నాటి నుంచి ఏ మీటనైనా, ఏ గుండీనైనా ఎడమచేతి చిటికెన వేలితో, నత్త నడకలో నొక్కి చూసేవాడు. గిరాకీలు నిలబడి విసుక్కునేవాళ్లు.

"ఏంది ఉస్తాద్ గట్ల?" అని అడిగాను ఒకసారి.

"అంగూఠా నొస్తున్నది బేటీ" అన్నాడు, బొటనవేలు చూపించి.

నేను ఇళ్లకు వెళ్లడం కూడా అప్పట్నుంచే మొదలైంది. వద్దనలేదు ఆయన. ఆడవాళ్లుండే జనానాలోకి వెళ్లి, రేడియో వినే మనిషి పక్కన కూర్చుని, మీరే తిప్పండి అనేదాన్ని. సగం జబ్బులు అక్కడే తేలిపోయేవి. చిరాగ్‌పల్లిలో రోడ్డు పక్కన హోటలు నడిపే ఆయన రేడియో దుకాణంలో తేనెలా పాడేది, హోటల్లో గరగరలాడేది. వెళ్లి కూర్చుని చాయ్ తాగితే తెలిసింది. ఏరియల్ తీగను రేకుల కప్పుకు కట్టాడు. రోడ్డు మీద లారీ పోయినప్పుడల్లా కప్పు వణుకుతుంది, తీగ రాసుకుంటుంది. ఆ రేడియో విప్పి ఏం చూస్తాం?

కాబట్టి పిల్లలూ, పెట్టె విప్పే ముందు అడగండి. దీన్ని ఎవరు నొక్కుతారు? ఎంత బలంతో, ఎంత మెల్లగా, ఏ చేత్తో? తెచ్చిన మనిషిని అడగకండి, వాడే మనిషిని అడగండి. వాళ్లు రాలేకపోతే మీరు వెళ్లండి. ఇజ్జత్ అరిగిపోదు. మీ బెంచి మీద పనిచేసిందంటే మీ బెంచి మీద పనిచేసిందని, అంతే. వాడే మనిషి, నేను ముట్టుకుంటే ఇది చస్తుంది అంటే, నవ్వకండి. అది మూఢనమ్మకంలా వినిపిస్తుంది. చాలాసార్లు అదే సరైన సమాచారం.

ఉపదేశం ఇక్కడితో సరి. నా కుదురు పోగొట్టేది ఇంకొకటి ఉంది.

చిటికెన వేలు

సత్తెమ్మ ఆ తరువాత చాలా రోజులు రైలు కూయించింది. బొటనవేలికి ముందే బెడద లేదు, చూపుడువేలూ నడిమివేలూ పూర్తిగా వచ్చాయి, ఉంగరపువేలు ముక్కాలు వచ్చింది. చిటికెన వేలు రాలేదు. అలాగే ఇంటికి పంపారు. ఊరి కథలో మాత్రం వేళ్లన్నీ విచ్చుకున్నాయి. కథకు అయిదు వేళ్లూ కావాలి మరి.

డాక్టరమ్మను ఒకసారి సూటిగా అడిగాను. మా దుకాణం రెండుసార్లు ఓకే అని పంపిన రోజుల్లో, పిల్ల చెయ్యి లంగాలో దాచుకున్న రోజుల్లోనే ఆ వేలు బిగుసుకుపోయిందా? లేక పాకం అక్కడ లోతుగా కాల్చింది కాబట్టి ఏం చేసినా అంతేనా?

"నువ్వు రేడియోల సంగతి చూస్కో" అంది.

"అది జవాబు కాదు డాక్టరమ్మా."

"నాకు తెలిస్తే చెప్పనా?" అంది. మళ్లీ తనే, "నేను మాత్రం ఆ పిల్లను మీ దుకాణానికి ఒక్కసారన్న ఎందుకు తోల్కరాలేదు?" అంది.  ఇద్దరం వేరే సంగతి మాట్లాడుకున్నాం.

నేను బెంచి వదలడానికి కొంచెం ముందు ఒక పడుచు పిల్ల ట్రాన్సిస్టర్ పట్టుకుని దుకాణానికి వచ్చింది. నౌకరుతో పంపలేదు, తనే వచ్చింది. గుండీ తిప్పితే ఆగి ఆగి పలుకుతోందంది.

"నువ్వే తిప్పి చూపెట్టు" అన్నాను, అలవాటు కొద్దీ.

కుడిచేత్తో తిప్పింది. నాలుగు వేళ్లు గుండీ చుట్టూ తిరిగాయి, ఒక వేలు అరచేతిలోకి మడిచి ఉంది.

"సత్తెమ్మవా?"

"నీకు యాదికున్ననా అమ్మా?" అని నవ్వింది. "కోహీర్‌ల ఇచ్చిన్రు నన్ను."

"ఆ వేలు కష్టమైతున్నదా?"

"గిదా? గిది గట్లనే ఉంటది. కొడవలి పట్టినప్పుడు జర అడ్డమొస్తది. అలవాటైంది."

ఆమె ట్రాన్సిస్టర్లో మురికి పట్టిన గుండీని శుభ్రం చేసి ఇచ్చాను. నిలబడి, తనే తిప్పి చూసుకుని, పని బాగుందని చెప్పి వెళ్లింది. కాలిన చర్మం ఎన్నాళ్లకు ఎంత బిగుస్తుందో, ఏ రోజు దాటితే ఇక రాదో, ఎక్కడైనా ఎవరో ఒకరు చూసి ఉంటారు కదా. మీలో వైద్యం తెలిసినవాళ్లు ఉంటే, నన్ను ఊరడించకుండా చెప్పండి: ఆ పెట్టె మొదటిసారి వచ్చిన రోజునే మేము ఆ పిల్ల చేత నొక్కించి ఉంటే, ఆ చిటికెన వేలు విచ్చుకునేదా?